నాలుగు తీగల పని

పదహారో డిగ్రీ అక్షాంశ రేఖ రేపల్లెకి దక్షిణాన కూతవేటు దూరంలో వెళ్తుంది. పొలం గట్టు మీద నడిచేవాళ్లకి ఆ గీత కనపడదు, దానితో పనీ లేదు. సొంత సెట్లతో లోకమంతా మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లకి మాత్రం అది సరిహద్దు. ప్రపంచ పటాన్ని వాళ్లు రెండు డిగ్రీల వెడల్పు, ఒక డిగ్రీ ఎత్తు గల గడులుగా కోసుకుని, ఒక్కో గడికీ రెండక్షరాలు, రెండంకెలతో ఒక గుర్తు పెట్టుకున్నారు. తెనాలి, రేపల్లె ఎన్‌కే06లో పడ్డాయి. బాపట్ల, చీరాల, నిజాంపట్నం ఎన్‌కే05లో ఉన్నాయి. ఈ రెండో గడిలో నేల తక్కువ, బంగాళాఖాతం ఎక్కువ. అందుకని బాపట్ల నుంచి ఎవరైనా సిగ్నల్ వదిలితే జపాన్‌లోనో ఇటలీలోనో ఉన్న హామ్ కుర్చీలో ముందుకు జరుగుతాడు. మాట్లాడిన గడులు నింపుకుంటూ పోయే అతని పటంలో ఆ గడి ఇంకా ఖాళీగా ఉండే అవకాశం బాగా ఉంది.

ఇప్పుడు ఆ సిగ్నల్ చాలావరకు మనిషి గొంతు కాదు, మోర్సు కట్టా కడా కాదు. రేడియో సెట్టుకి కంప్యూటర్ తగిలించి, ఎఫ్‌టీ8 అనే పద్ధతిలో పంపే స్వరాల వరస. 14.074 మెగాహెర్ట్జ్ మీద సెట్టు పెట్టి వింటే చెవికి సన్నటి ఈల, కాస్త వణుకుతున్నట్టు వినిపిస్తుంది. ఒకటి కాదు, పదుల కొద్దీ ఈలలు ఒకదాని మీద ఒకటి. ఎనిమిది స్వరాలు, ఒకదానికొకటి 6.25 హెర్ట్జ్ ఎడం. ఒక్కో స్వరం 0.16 సెకను. మొత్తం 79 స్వరాలు, 12.64 సెకన్లు. తర్వాత ఊరుకుని అవతలివాడు చెప్పేది వినాలి. ప్రతి పదిహేను సెకన్లకీ వంతు మారుతుంది. పిలుపు, జవాబు, సిగ్నల్ ఎంత బలంగా అందిందో చెప్పే అంకె, సెలవు: అన్నీ కలిపి నిమిషంన్నరలో అయిపోతాయి.

దీన్ని 2017లో తయారుచేసినవాళ్లు స్టీవ్ ఫ్రాంకే, జో టేలర్. టేలర్ ఎవరంటే, జంట పల్సార్‌ని కనిపెట్టినందుకు 1993లో రసెల్ హల్స్‌తో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఖగోళ శాస్త్రవేత్త. ఆకాశం నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాన్ని రొదలోంచి ఏరి పట్టుకోవడమే ఆయన జీవితమంతా చేసిన పని. చిన్నప్పటి నుంచీ హామ్ కూడా. ఆ నేర్పంతా తెచ్చి డబ్ల్యుఎస్‌జేటీ-ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పోశాడు, ఉచితంగా పంచాడు. మామూలు రిసీవర్‌లో వినపడే రొద బలంలో నూరో వంతుకి తగ్గిన సిగ్నల్‌ని కూడా అది చదివి తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. చెవి అక్కడ ఏమీ లేదని తేల్చేస్తుంది.

మా బాపట్ల పెద్దాయన ఒకరున్నారు. మోర్సు తప్ప వేరేది ముట్టనివారు. "ఏమయ్యా, ఇందులో నువ్వు చేసేదేముంది? రెండు కంప్యూటర్లు మాట్లాడుకుంటుంటే నువ్వు పక్కన కూర్చుని చూస్తావు, అంతేగా" అంటారు. "అంతే కాదు మాస్టారూ, ఆ రెంటినీ కలిపింది నేనే కదా" అంటాను. ఆయన మాట తీసిపారేయడానికి అలా అనడం లేదు. ఈ విద్యలో నేర్పు ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది రేడియోనీ కాదు, కంప్యూటర్‌నీ కాదు. ఆ రెంటి మధ్య ఉన్న తీగల్ని.

తీగలు నాలుగే. కంప్యూటర్ ధ్వని సెట్టులోకి వెళ్లడానికి ఒకటి, సెట్టు ధ్వని కంప్యూటర్‌లోకి రావడానికి ఒకటి, ఇక మాట్లాడు అని సెట్టుకి చెప్పే పీటీటీ ఒకటి, ఎర్తు ఒకటి. చాలా సెట్ల వెనక డేటా అని రాసి ఆరు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది. యాయెసు ఎఫ్‌టీ-817 తీసుకుంటే ఒకటో పిన్ను లోపలికి వెళ్లే ధ్వని, రెండు ఎర్తు, మూడు పీటీటీ, ఐదు బయటికొచ్చే ధ్వని. మూడునీ రెండునీ కలిపితే సెట్టు ప్రసారంలోకి వెళ్తుంది, వదిలేస్తే వినడంలోకి వస్తుంది. ఈ ప్లగ్గు కోసం హైదరాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు. పాత కంప్యూటర్ కీబోర్డుకి ఉండే గుండ్రటి ప్లగ్గు అచ్చం ఇదే. కాకపోతే వాటిలో చాలావాటికి లోపల నాలుగు తీగలే ఉంటాయి, రెండో పిన్ను, ఆరో పిన్ను ఖాళీ. మనకి కావలసిన ఎర్తు ఆ రెండో పిన్నే. కోసే ముందు మల్టీమీటర్‌తో ఒక్కో పిన్నూ పట్టి చూసుకోవాలి.

తీగని తీగతో నేరుగా కలిపేసినా పనిచేస్తుంది, ఒక్కోసారి. ఎక్కువసార్లు గుంయ్‌మని హమ్ వస్తుంది. లాప్‌టాప్ చార్జరు ఒక దారిన, రేడియో పవర్ సప్లై ఇంకో దారిన గోడలోని కరెంటుకి కలిసి ఉంటాయి కాబట్టి, మధ్యలో మనం వేసిన ఎర్తు తీగ ఆ రెంటినీ ఒక చుట్టుగా మూసేస్తుంది. అందులో 50 హెర్ట్జ్ తిరుగుతుంది. పట్టుకోవడం తేలిక: చార్జరు పీకేసి బ్యాటరీ మీద లాప్‌టాప్ నడపండి. హమ్ పోయిందంటే దొంగ దొరికినట్టే. దీనికి మందు చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఒకటికి ఒకటి, 600 ఓములది. ధ్వని దాటుతుంది, కరెంటు దాటదు. కొత్తది కొనొచ్చు. నాకు నచ్చిన దారి పాత డయలప్ మోడెం కార్డు. టెలిఫోన్ లైన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య సరిగ్గా ఇదే పని చేయడానికి దాంట్లో ఇలాంటి ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెట్టేవాళ్లు. తెనాలిలో పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్లలో అడిగితే అటక మీద నుంచి దింపి ఇస్తారు.

పీటీటీకి ట్రాన్స్‌ఫార్మరు పనికిరాదు, ఆప్టోకప్లర్ కావాలి. నాలుగు కాళ్ల పీసీ817, మినపగింజంత నల్ల చిప్పు. లోపల ఒక పక్క చిన్న ఎల్ఈడీ, ఎదురుగా వెలుతురు పడితే తెరుచుకునే ట్రాన్సిస్టరు. కంప్యూటర్ యూఎస్‌బీ సీరియల్ తీగలో ఆర్‌టీఎస్ అనే లైనుని పైకెత్తగానే లోపల దీపం వెలుగుతుంది, అవతల ట్రాన్సిస్టరు మూడో పిన్నుని ఎర్తుకి లాగుతుంది. రెండు యంత్రాల మధ్య తీగ లేదు, వెలుతురే ఉంది. పాడైన మొబైల్ చార్జర్లు విప్పితే చాలావాటిలో ఈ చిప్పు దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఆర్‌టీఎస్ లైను దానంతట అదే ఒకసారి ఎగిరిపడొచ్చు, సెట్టు ఏరియల్ లేకుండానే ప్రసారంలోకి పోవచ్చు. అందుకని కంప్యూటర్ పూర్తిగా లేచాకే సెట్టు ఆన్ చేయాలి.

పీటీటీ తీగ లేకుండా కూడా నడపొచ్చు. ధ్వని వినపడగానే సెట్టు తనంతట తానే ప్రసారంలోకి వెళ్లే వాక్స్ ఉంది కదా. రేపల్లె కుర్రాడొకడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, అలాగే మొదలుపెట్టాడు. వాడి లాప్‌టాప్‌కి మెయిల్ వచ్చినప్పుడల్లా ఆ గంట మోత సముద్రాలు దాటి వెళ్లింది. "సార్, నాకు మెయిల్ వచ్చిందని ఆస్ట్రేలియాకి తెలిసింది" అని ఫోన్ చేశాడు. రేడియోకి ఇచ్చే సౌండ్ కార్డు వేరు, కంప్యూటర్ సొంత మోతలకి వేరు. మొదటి రోజే ఆ రెంటినీ విడగొట్టాలి.

ఇక ధ్వని మోతాదు. ఈ పనిలో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేదీ, ఇతరులకి ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. వినేటప్పుడు, ఏ సిగ్నలూ లేని రొద మాత్రమే ఉన్నప్పుడు, డబ్ల్యుఎస్‌జేటీ-ఎక్స్ కిటికీలో పచ్చ కడ్డీ 30 దగ్గర నిలవాలి. పంపేటప్పుడు సెట్టు మీద ఏఎల్‌సీ ముల్లు కదలకూడదు. కదిలిందంటే ధ్వని ఎక్కువైందని అర్థం. సెట్టు ఆ స్వరాన్ని నలిపేసి, 600 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సినదాన్ని 1200 దగ్గర, 1800 దగ్గర కూడా మోగిస్తుంది. అక్కడ ఎవరో ఐదు వాట్లతో, ఎంతో ఓపికగా పిలుస్తూ ఉంటారు. మన అశ్రద్ధ వాళ్ల మీద పడుతుంది. మన స్వరాన్ని 1500 హెర్ట్జ్‌కి పైన ఉంచుకుంటే ఈ దొంగ స్వరాలు ఫిల్టరు బయటే ఆగిపోతాయి. అదైనా మోతాదు తగ్గించడానికి బదులు కాదు. పన్నెండున్నర సెకన్ల పాటు సెట్టు పూర్తి బలంతో మోగుతుంది కాబట్టి, వంద వాట్ల సెట్టుని ముప్పై నలభై దగ్గర ఆపడం దాని ఆరోగ్యానికీ మంచిది.

ఇప్పటి కొత్త సెట్లకి ఈ బాధలేవీ లేవు. ఐకామ్ ఐసీ-7300 లాంటివాటిలో సౌండ్ కార్డు లోపలే ఉంది. ఒక్క యూఎస్‌బీ తీగ చాలు. మన హైదరాబాద్ ఇంజినీరు అష్హర్ ఫర్హాన్ ఇంకా ముందుకు వెళ్లారు. ఆయన 2003లో బిట్‌ఎక్స్ అనే సెట్టు నమూనా ప్రకటించినప్పుడు ప్రపంచంలో ఎందరో దాన్ని సొంతంగా కట్టుకున్నారు. ఎందుకంటే అందులో దొరకని వస్తువంటూ లేదు. కాయిల్ చుట్టడానికి కుళాయి వాషరు సరిపోయింది. 2017లో వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్‌లో ఒక చిన్న ఆర్డుయినో బోర్డు ఉంటుంది. అది కంప్యూటర్‌తో ఎఫ్‌టీ-817 భాషలోనే మాట్లాడుతుంది కాబట్టి, ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని గుర్తుపడుతుంది. ఆ తర్వాతి ఎస్‌బిట్‌ఎక్స్‌లో రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరే సెట్టు లోపల కూర్చుంది. ఎఫ్‌టీ8 దాంట్లోనే నడుస్తుంది, కలపడానికి బయట తీగే లేదు. నాకు ఇది గొప్పగా అనిపిస్తుంది. తెలుగు నేల మీద పుట్టిన పని ఇలా లోకమంతా తిరగడం చూస్తే మనసు నిండుతుంది. అయినా నేర్చుకునేవాళ్లకి నా సలహా మారదు: ఒక్కసారైనా ఆ నాలుగు తీగలూ మీ చేత్తో టంకం వేయండి. పెట్టె లోపల ఏం జరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. మా తీరంలో అది తెలిసి ఉండడం ఎందుకు అవసరమో చెప్తాను.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకి చెప్పాల్సిన పని లేదు. దివిసీమలో, రేపల్లె, బాపట్ల తీరాల్లో కలిపి పదివేల మంది దాకా పోయారు. టెలిఫోన్ స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి, ఎక్కడ ఎవరు మిగిలారో తెలియడానికి మనిషి నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ కూడా బాపట్ల దగ్గరే. హెచ్చరికలు ఇప్పుడు చాలా మెరుగు, ప్రాణనష్టం బాగా తగ్గింది. కానీ గాలికి సెల్ టవరు కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది? డీజిలు తీసుకెళ్లే దారి మునిగిపోతే? ఆ కొద్ది రోజులకే హామ్ రేడియో కావాలి.

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ తన బృందంతో అండమాన్ వెళ్లి పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే గుర్తుతో ప్రపంచంతో మాట్లాడుతున్నారు. వెళ్లింది సరదా కోసమే, అరుదైన చోటు నుంచి వీలైనంతమందికి జవాబివ్వడం కోసం. 26వ తేదీన సునామీ వచ్చింది. ఉన్నపళంగా ఆ సరదా స్టేషనే ద్వీపాల క్షేమ సమాచారం మోసే దారి అయింది. ఎవరు బతికున్నారు, ఎవరి కోసం ఎవరు వెతుకుతున్నారు అని పేరు పేరునా చదవడం. ఇతరుల తరఫున సందేశాలు మోయడానికి మామూలు రోజుల్లో హామ్ నిబంధనలు ఒప్పుకోవు. విపత్తులో ఒప్పుకుంటాయి.

పేర్ల జాబితాని గొంతుతో చదవడం ఎంత కష్టమో ఒక్కసారి చదివినవాళ్లకే తెలుస్తుంది. రొదలో ఒక ఇంటిపేరు నాలుగుసార్లు చెప్పాలి, అవతల రాసుకునేవాడు తప్పు రాయొచ్చు. కంప్యూటర్ తగిలించిన సెట్టు ఆ జాబితాని అక్షరాలుగానే దాటిస్తుంది. అయితే ఎఫ్‌టీ8 దీనికి పనికిరాదని గట్టిగా చెప్పాలి. దాని సందేశం 77 బిట్లు. సొంత మాట రాయాలంటే పదమూడు అక్షరాలే పడతాయి. అది సిగ్నల్ అందిందో లేదో తేల్చడానికి కట్టిన పద్ధతి, కబురు మోయడానికి కట్టింది కాదు. కబురుకి వేరేవి ఉన్నాయి. పీటర్ మార్టినెజ్ తయారుచేసిన పీఎస్‌కే31 నిమిషానికి యాభై మాటల దాకా పంపుతుంది, కాకపోతే రొద పెరిగితే అక్షరాలు మారిపోతాయి. ఒలీవియా నెమ్మది, నిమిషానికి ఇరవై ముప్పై మాటలు, కానీ తప్పుల్ని సరిదిద్దుకుంటూ వస్తుంది. పేర్లకీ మందుల మోతాదులకీ నేను ఒలీవియానే నమ్ముతాను. మందు పేరులో అక్షరం మారడం కంటే ఐదు నిమిషాలు ఆలస్యం కావడం నయం. తీగలు అవే నాలుగు, సెట్టు అదే. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎఫ్‌ఎల్‌డిజికి మారాలి. ఎఫ్‌టీ8తో దేశాలు లెక్కపెట్టుకుంటూ అక్కడే ఆగిపోయిన మిత్రులకి నేను పదేపదే చెప్పేది ఇదే.

రెండో సంగతి గడియారం. ఎఫ్‌టీ8లో అందరూ ఒకే క్షణంలో మొదలుపెట్టి ఒకే క్షణంలో ఆపాలి. ఒక సెకను తేడా భరిస్తుంది, మరీ ఎక్కువైతే ఏమీ చదవదు. లాప్‌టాప్ ఆ సమయాన్ని ఇంటర్నెట్ నుంచి దిద్దుకుంటూ ఉంటుంది. తుపానుకి నెట్ పోయిందంటే గడియారం మెల్లగా జారడం మొదలుపెడుతుంది. నెట్ లేని రోజు కోసం పెట్టుకున్న స్టేషను నెట్ మీదే ఆధారపడితే ఎలా? చిన్న జీపీఎస్ డాంగిల్ తగిలిస్తే ఉపగ్రహమే సమయం చెప్తుంది. అదీ లేకపోతే తెర మీద డీటీ అనే వరస చూడాలి. వచ్చిన ప్రతి సందేశం మన గడియారానికి ఎంత ఎడంగా ఉందో అందులో కనిపిస్తుంది. అందరి దగ్గరా ఒకే తేడా ఉందంటే తప్పు మనదే. ఆ మేరకు జరుపుకుంటే సరి. ఒలీవియాకి, పీఎస్‌కేకి ఈ గడియారం బాధ లేదు. వాటిని ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

రొద గురించి మా ప్రాంతంలో చాలా చెప్పొచ్చు. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ల మోటార్లు, వీధుల్లో ఎల్ఈడీ దీపాలు, ఇళ్లలో చవక చార్జర్లు. వచ్చే సిగ్నళ్లని బొమ్మగా చూపే వాటర్‌ఫాల్ తెర మీద ఇవన్నీ నిలువు గీతలై, మచ్చలై పడతాయి. కరెంటు పోయిన మరుక్షణం ఆ తెర నల్లగా తేటపడుతుంది, అంతదాకా లేవనుకున్న స్టేషన్లు ఒక్కొక్కటే పైకి తేలతాయి. తుపాను తర్వాత జిల్లా అంతా చీకటైనప్పుడు బ్యాటరీ మీద నడిచే సెట్టుకి అంతకంటే మంచి వినికిడి దొరకదు. అందుకే ఇన్వర్టరు గురించి ఒక మాట. ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా అని దాని 230 వోల్టులు తీసుకుని మళ్లీ 12కి దింపకండి. ఇన్వర్టరు స్వయంగా పెద్ద రొద పుట్టిస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు, మధ్యలో ఫ్యూజు వేసి, సెట్టుకి తీసుకోండి.

ఏరియల్ విషయంలో దూరానికీ దగ్గరకీ లెక్క తిరగబడుతుంది. నలభై మీటర్ల బ్యాండుకి అరవై ఆరు అడుగుల తీగ, నడుమ కోసి ముప్పై మూడేసి అడుగుల రెండు ముక్కలు. ఖండాలు దాటాలంటే దాన్ని కొబ్బరిచెట్ల మీద ఎంత ఎత్తున కడితే అంత మంచిది. ఇంకా మంచిది సూర్యలంక ఇసుకలో నిలువు ఏరియల్ పాతడం. ఉప్పునీళ్లు దాని సిగ్నల్‌ని నేలబారుగా సముద్రం మీదికి తోస్తాయి. తెనాలి నుంచి రేపల్లెకో బాపట్లకో కబురు పంపాలంటే మాత్రం అదే అరవై ఆరు అడుగుల తీగని పది పన్నెండు అడుగుల ఎత్తునే కట్టాలి. సిగ్నల్ నిట్టనిలువునా పైకి పోయి, అయనోస్ఫియర్‌ని తాకి, మన జిల్లాల మీదే వర్షంలా దిగుతుంది. పగలు ఇది బాగా సాగుతుంది. రాత్రికి ఎనభై మీటర్లకి దిగాలి, తీగ రెట్టింపు కావాలి. తక్కువ ఎత్తున కట్టినది గాలికి తెగదు, తెగినా నిచ్చెన అక్కర్లేకుండా కట్టుకోవచ్చు.

ఉప్పుగాలి ఇంకో శత్రువు. తీరంలో రెండేళ్లు ఉన్న కేబుల్ ప్లగ్గు విప్పి చూడండి. రాగి జడ పచ్చబడి, నల్లబడి, గోటితో గీస్తే పొడిలా రాలుతుంది. బయటికి మాత్రం ప్లగ్గు నిగనిగలాడుతూనే ఉంటుంది. సాగే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు టేపు చుట్టి, ఏటా వర్షాలకి ముందు విప్పి చూడడం తప్ప వేరే దారి లేదు.

హామ్ లైసెన్సు పరీక్ష గురించి చాలామంది అడుగుతున్నారు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యుపీసీ విభాగం నడుపుతుంది. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్సు అక్కర్లేదు, వీయూ3తో మొదలయ్యే గుర్తు వస్తుంది. లైసెన్సు లేకుండా వినడం నేర్చుకోవచ్చు కానీ, పంపడం నేరం.

ఈ అక్టోబరు లోపు తెనాలి, రేపల్లె, బాపట్లలో ఒక్కో సెట్టు, ఒక్కో బ్యాటరీ, తక్కువ ఎత్తున కట్టిన ఒక్కో తీగతో ఆదివారం పూట ఒలీవియాలో ఒక పేజీ కబురు మూడు ఊళ్ల మధ్య తిప్పాలని కొందరం అనుకుంటున్నాం. అప్పుడు తేలాల్సిన పని ఒకటుంది. ఈ పద్ధతుల్లో తెలుగు లిపి పంపడం దండగ. మన అక్షరం ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది, పేజీ కబురు గంట పడుతుంది. ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయాలి. అలా రాసేటప్పుడు లంకెవానిదిబ్బ లాంటి ఊరి పేరుని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తే సాయం తెచ్చే పడవ వేరే రేవుకి పోతుంది. కాబట్టి తీరం వెంట ఉన్న ప్రతి ఊరికీ, ప్రతి దిబ్బకీ, ప్రతి రేవుకీ ఒకే స్పెల్లింగు రాసుకుని, ఆ జాబితా మూడు స్టేషన్లలోనూ లాప్‌టాప్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుకోవాలి. ఊళ్ల పేర్లు బాగా తెలిసినవాళ్లు, ముఖ్యంగా నిజాంపట్నం మత్స్యకార సోదరులు, ఈ జాబితాకి సాయం చేయగలిగితే ఈ వారమే మొదలుపెడదాం.